సద్దిమూటలో సజ్జరొట్టె, గుడ్డు

మార్కాపురం పక్కన ఒక పల్లె. మిరప కోతల కాలం. పొద్దున ఆరు గంటలకే కూలీల ఆటో వచ్చి నిలబడుతుంది. అప్పటికే ఇంట్లో ఆడమనిషి వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, వంట చేసి, పిల్లలకు పెట్టి, మగవాళ్లకు క్యారియర్ కట్టి ఉంటుంది. తన గిన్నెలో మాత్రం ఇంత అన్నం, ఓ మూల ఇంత ఊరగాయ. ఆటో హారన్ కొడుతుంది. ఆమె పరుగెత్తుతుంది.

మధ్యాహ్నం ఆ అన్నం తింటే కడుపు నిండుతుంది. మూడు గంటలకల్లా కళ్లు తిరుగుతాయి. కాళ్లు లాగుతాయి. "ఎండకు అట్లా ఉందిలే" అనుకుంటారు. ఎండ కూడా కారణమే. కానీ చాలామందిలో ఒంట్లో రక్తం తక్కువగా ఉంటుంది. 2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ఆటోలో పదిమంది కూర్చుంటే ఆరుగురికి.

రక్తానికి ఇనుము కావాలి. కండకు మాంసకృత్తులు కావాలి. తెల్లటి బియ్యంలో ఇనుము చాలా తక్కువ. 100 గ్రాముల బియ్యంలో ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. అదే 100 గ్రాముల సజ్జల్లో 6 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది.

ఈ ప్రాంతానికి సజ్జరొట్టె కొత్తది కాదు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. రొట్టె, సంగటి తిన్న నేల ఇది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది. కాదనడానికి లేదు. కానీ రాను రాను కంచంలో సజ్జలు, కొర్రలు తగ్గిపోయాయి.

అమెరికాలో పనికి పోయేవాళ్లు మధ్యాహ్నానికి రెండు రొట్టె ముక్కల మధ్య టర్కీ కోడి మాంసం, నాలుగు పచ్చి ఆకులు పెట్టి చుట్టుకుపోతారు. దాన్ని శాండ్‌విచ్ అంటారు. టర్కీ అంటే మన కోడికి నాలుగైదింతలు ఉండే పెద్ద కోడి. అది ఇక్కడ దొరక్కపోతే పోయింది. పద్ధతి మాత్రం బాగుంది. రొట్టె, మధ్యలో గుడ్డో మాంసమో, కాస్త ఆకు. గట్టు మీద కూర్చుని చేత్తో పట్టుకుని తినొచ్చు.

ఇందులో ఇంకో లాభం ఉంది. గిన్నెలో కూర అందరికీ వడ్డించేసరికి అడుగంటుతుంది. చివర తినే ఆమెకు మిగలదు. రొట్టెలో చుట్టి మూట కట్టేస్తే ఆమె వాటా ఆమెకు ఉంటుంది.

"గుడ్లు రెండే ఉన్నాయి. అబ్బాయికి, పిల్లోడికి పెట్టు," అంటుంది ఒక ఇంట్లో అత్త.

"మునగాకు వేసి పొరటు చేస్తా అత్తా. అందరికీ వస్తుంది. నీకూ, నాకూ కూడా," అంటుంది కోడలు.

ఆ కోడలి లెక్క మంచిదే. ఎలా చేస్తుందో చూడండి.

ఒక మనిషికి రెండు రొట్టెలు చాలు. టీ గ్లాసుతో రెండు గ్లాసుల సజ్జపిండి తీసుకోవాలి. చిటికెడు ఉప్పు వేసి, బాగా కాగిన నీళ్లు పోసి గరిటెతో కలపాలి. చెయ్యి పట్టేంత చల్లారాక మెత్తగా పిసకాలి. సజ్జపిండికి గోధుమపిండికి ఉన్న జిగురు ఉండదు. చన్నీళ్లతో కలిపితే రొట్టె అంచులు పగులుతాయి, మధ్యాహ్నానికి అట్టముక్కలా అవుతుంది. వేణ్నీళ్లతో కలిపితే మెత్తగా ఉంటుంది. పీట మీద తట్టి, కాలిన పెనం మీద వేసి, పైన తడిచేత్తో రాయాలి. తడి ఆరగానే తిప్పాలి.

రొట్టెలు దింపాక అదే పెనం మీద చెంచా నూనె వేయాలి. ఉల్లిపాయ, పచ్చిమిరప, గుప్పెడు కడిగిన మునగాకు వేయాలి. ఆకు మగ్గాక పసుపు, ఉప్పు వేసి గుడ్లు కొట్టి పోయాలి. తడి లేకుండా పొరటాలి. దింపాక నిమ్మకాయ పిండాలి. ఇది రుచికి మాత్రమే కాదు. సజ్జల్లో, ఆకులో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి. టీ దీనికి అడ్డం. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. ఒక గంట ఆగి తాగొచ్చు.

పొరటును రొట్టె మీద పరిచి, మడిచి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టాలి. గుడ్లు లేని రోజు వేయించిన వేరుశనగ గింజల పచ్చడి గట్టిగా నూరి పూస్తే సరి. అందులోనూ మాంసకృత్తులు దండిగా ఉంటాయి. కోడికూర మిగిలితే ఆశపడతారు. ఫ్రిజ్ లేని ఇంట్లో రాత్రి మిగిలిన కోడికూర మరునాటి మూటలోకి పనికిరాదు. పొద్దున వండినదే, నీరు లేకుండా వేయించి పెట్టాలి.

కళ్లు తిరగడం తగ్గకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం చూపించుకోవాలి. హిమోగ్లోబిన్ 12 ఉండాలి, గర్భిణికి 11. తక్కువుంటే రొట్టె ఒక్కటే చాలదు. డాక్టరు చెప్పినన్ని రోజులు ఇనుము మాత్రలు వేసుకోవాలి. మాత్రలతో విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయొద్దు.

సజ్జపిండి ఎక్కువ రోజులు నిలవ ఉండదు. సజ్జల్లో నూనె ఉంటుంది కాబట్టి పిండి తొందరగా చేదెక్కుతుంది. గింజలు డబ్బాలో ఉంచుకుని, వారానికి సరిపడా మాత్రమే మిల్లుకు పంపాలి.