క్రిస్మస్ సెలవుల్లో యానాం: పిల్లల నోట తెలుగు పలకాలంటే

అర్ధ సంవత్సర పరీక్షలు ముగిశాయి. తమిళనాడు బడులకు క్రిస్మస్ ముందు నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవులు. చెన్నై, పుదుచ్చేరి వైపు ఉద్యోగాల కోసం వెళ్ళి స్థిరపడిన గోదావరి ప్రాంతపు కుటుంబాలు చాలావరకు ఈ రోజుల్లోనే సొంతూరి దారి పడతాయి. యానాం వెళ్ళేవారు సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ చేరి, అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు బస్సులోనో కారులోనో వెళ్తారు. ఒడిలో మూడేళ్ళదో, పక్కన ఐదేళ్ళవాడో ఉంటారు. ఆ పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. కానీ అమ్మ తెలుగులో అడిగితే తమిళంలో జవాబిస్తారు. తాతయ్య ఇంట్లో ఆ వారం రోజులు ఎలా గడుస్తాయన్న దాన్నిబట్టి వారి తెలుగు ముందుకైనా వెళ్తుంది, వెనక్కైనా పోతుంది.

జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ‘మా అబ్బాయికి తెలుగు రాదండీ, తెలుగు మీడియం వద్దులెండి’ అనే మాట మన బడుల్లో తరచూ వింటున్నదే. ఆ నిర్ణయానికి విత్తనం అంతకు ముందే పడుతుంది. నాలుగైదేళ్ళ వయసులో ‘తెలుగు నాకు రాదు’ అని బిడ్డ తనకు తానే అనుకున్నప్పుడు పడుతుంది.

ఇంట్లో ఉన్న భాష పోలేదు

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. రాజధానికి 800 కిలోమీటర్ల పైచిలుకు దూరం. విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా 55 వేల పైచిలుకు. పద్దెనిమిదో శతాబ్దిలో అక్కడ స్థిరపడిన ఫ్రెంచివారు, నడుమ కొంతకాలం ఊరు ఇంగ్లీషువారి చేతికి వెళ్ళినా, 1954 వరకు పాలించారు. కచేరీలో ఫ్రెంచి నడిచింది. వీధిలో, ఇంట్లో, మంగళవారం సంతలో మాత్రం తెలుగే నడిచింది. ఫ్రెంచివారు వెళ్ళాక కూడా పాలన పుదుచ్చేరి నుంచే సాగుతున్నా, 1965 నాటి అధికార భాషల చట్టం యానాంలో తెలుగు వాడకానికి చోటిచ్చింది. ఏలినవారి భాష ఏదైనా ఇంటి భాష నిలిచిన ఊరది. ఇంటిభాష నిలవడానికి ఇంట్లోవాళ్ళు మాట్లాడటమే మూలమని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఇంట్లో మాట్లాడితే చాలా? చాలదనే పరిశోధన ఒకటి బెల్జియంలో జరిగింది. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరైనా డచ్చి కాని భాష మాట్లాడే 1,899 కుటుంబాలను పరిశీలించి, ఆనిక్ డి హావర్ 2007లో ఫలితాలు వెల్లడించారు. దాదాపు నాలుగింట ఒక వంతు కుటుంబాల్లో పిల్లలు ఆ భాషను మాట్లాడటం లేదని తేలింది. చెవికి అందిన ప్రతి భాషా నోటికి రాదన్నమాట. నోటికి రావాలంటే ఆ భాషతో అవసరం పడాలి. తమిళం రాని అమ్మమ్మ ఆ అవసరాన్ని సహజంగా పుట్టిస్తుంది.

మొదటి రెండు రోజులు విననివ్వండి

రాత్రంతా రైలులో సరిగ్గా నిద్రపోని పిల్లాణ్ణి గుమ్మంలోనే పదిమంది చుట్టుముట్టి ‘నేనెవరో చెప్పు చూద్దాం?’ అని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. కానీ పిల్లాడు అమ్మ చీర కుచ్చిళ్ళ వెనక్కి వెళ్ళిపోతాడు. ‘వీడికి తెలుగు రాదులే’ అనే మాట అప్పుడే పడిపోతుంది. ఇక వారమంతా వాడు ఆ మాటకు తగ్గట్టే ఉంటాడు.

అందుకే బయల్దేరే ముందే ఇంట్లోవారికి ఫోనులో రెండు మాటలు చెప్పి ఉంచాలి. ఒకటి, పరీక్షలు పెట్టవద్దని. రెండు, యాసను చూసి నవ్వవద్దని. ‘అరవబ్బాయి వచ్చాడ్రోయ్’ అని సరదాకే అన్నా, ఐదేళ్ళవాడికి అది సరదాగా వినిపించదు. నవ్విన చోట పిల్లలు మళ్ళీ నోరు తెరవరు.

మొదటి రోజు చుట్టాల ఇళ్ళు తిప్పకుండా ఒక్క ఇంట్లోనే ఉంచండి. మధ్యాహ్నం నిద్ర తప్పనివ్వకండి. గోదావరి వంటల కారానికి అలవాటు లేని పిల్లలకు పెరుగన్నం, కాచి చల్లార్చిన నీళ్ళు సిద్ధంగా ఉంచండి. దోమతెర మరవకండి. కడుపు నిండి, నిద్ర తీరిన బిడ్డే మాట్లాడుతుంది.

వరసలే మొదటి పాఠం

తమిళ వాతావరణంలో పెరిగే బిడ్డకు వరసలు కొత్త కాదు, పేర్లే కొత్త. పెరియప్పా ఇక్కడ పెదనాన్న, సిత్తప్పా బాబాయి, సిత్తి పిన్ని, తంబి తమ్ముడు. తాత, అన్న, అక్క రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. తమిళంలో మామూలుగా ఇద్దరినీ పాట్టి అని పిలిస్తే సరిపోతుంది. తెలుగులో అమ్మ తల్లి అమ్మమ్మ, నాన్న తల్లి నాన్నమ్మ. ఈ తేడా పిల్లలకు భలే నచ్చుతుంది. ఎవరు ఎవరి అమ్మో తెలుసుకోవడం వారికి ఒక ఆట.

కొన్ని మాటలు తికమక పెడతాయి. పిల్లాడు ‘ఇల్లె’ అంటే తమిళంలో ‘లేదు’. అమ్మమ్మ ‘ఇల్లు’ అనుకుని ‘అవును నాన్నా, ఇది మన ఇల్లే’ అంటుంది. తెలుగు ‘నాకు’ అంటే తమిళం అలవాటైన చెవికి నాలుక అనిపిస్తుంది. ఇవి తప్పులు కావు, రెండు భాషలు పక్కపక్కనే ఎదుగుతున్న గుర్తులు. పిల్లలతో కలిసి నవ్వుకోవచ్చు, పిల్లల్ని చూసి నవ్వకూడదు.

దుబాసీ పని మానేయండి

తల్లిదండ్రులు తెలియకుండానే చేసే పని ఒకటుంది. తాతయ్య ‘ఏం తింటావు నాన్నా?’ అని అడగగానే అమ్మ దాన్ని తమిళంలోకి మార్చి చెబుతుంది. పిల్లాడి తమిళ జవాబును తెలుగులోకి మార్చి తాతయ్యకు చెబుతుంది. ఇలా వారం గడిస్తే తాతకూ మనవడికీ మధ్య ఒక్క మాటైనా నేరుగా నడవదు. తాతయ్య అడిగాక కాసేపు ఆగండి. పిల్లాడు వేలితో చూపించినా చాలు. ‘అరటిపండా? ఇదిగో’ అని తాతయ్యే మాట అందిస్తాడు. మర్నాడు ఆ మాట పిల్లాడి నోట వస్తుంది.

ఇంకా మంచి ఉపాయం, రోజుకో గంట పిల్లల్ని పెద్దవాళ్ళకు అప్పగించి మీరు పక్కకు తప్పుకోవడం. ఏదైనా పని చేతికిస్తే మరీ మంచిది. నాన్నమ్మ పక్కన కూర్చుని కజ్జికాయల్లో కొబ్బరి కూరడం, తాతయ్యతో పాల ప్యాకెట్టు తేవడానికి వెళ్ళడం, పిన్నితో కలిసి ముగ్గులో రంగు పోయడం. ‘పట్టుకో, పొయ్యి, కొంచెం, చాలు, ఇంకా’ వంటి మాటలు చేతులతో పాటు వస్తాయి. పలక మీద రాయించి నేర్పినా అంత గట్టిగా నిలవవు.

ఒకే వారంలో రెండు సందళ్ళు

ఈ సెలవుల్లో యానాం వెళ్ళేవారికి ఒక అదృష్టం ఉంది. క్రిస్మస్, ధనుర్మాసం కలిసే వస్తాయి. ఒక ఇంటి ముందు నక్షత్రం వెలుగుతుంటే పక్కింటి ముందు ముగ్గులో గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడిపూలు. సెయింట్ ఆన్స్ కేథలిక్ చర్చి 1846 నాటిది. పండుగకు చర్చిల్లో పశువుల పాక కడతారు. అందులోని గొర్రెపిల్ల, ఆవు, గాడిద, చుక్క పేర్లు చెప్పించడానికి అంతకన్నా మంచి బొమ్మల పుస్తకం దొరకదు. తెల్లవారి హరిదాసు వస్తే పిల్లాడి చేత గుప్పెడు బియ్యం వేయించండి. ఆయన మోకాలి మీద వంగి, తలమీది పాత్రను పిల్లాడి చేతికి అందేంత కిందికి తెస్తాడు. ఆ దృశ్యాన్ని పిల్లలు మరవరు.

సాయంత్రం గౌతమి గట్టుకు వెళ్ళవచ్చు, చెయ్యి మాత్రం వదలకండి. బాలయోగి వంతెన మీద నిలబడి ఎదుర్లంక వైపు చూపించి, ఈ వంతెన రాకముందు పడవల మీద దాటేవాళ్ళమని తాతయ్యే చెప్పాలి. కాకినాడ దారిలో కోరంగి మడ అడవుల చెక్కదారి కూడా పసివాళ్ళు నడవగలిగినదే. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఆంధ్రలో పెద్ద సెలవులు సంక్రాంతికి. ఏటి అవతలి బావలకూ మరదళ్ళకూ ఈ వారంలో బడి ఉండవచ్చు. ముందే కనుక్కుని వారి సెలవు రోజున కలపండి. పిల్లలు పెద్దలకన్నా పిల్లల దగ్గరే త్వరగా నేర్చుకుంటారు.

ఉపాధ్యాయులకు

సెలవుల్లో రోజుకో పేజీ చూచిరాత ఇస్తే పిల్లాడు యానాంలోనూ నోటుపుస్తకం ముందే కూర్చుంటాడు. దానికి బదులు మూడు పనులు ఇవ్వండి. పెద్దల దగ్గర నేర్చుకున్న ఐదు కొత్త మాటలు. ఇంట్లోవారి బొమ్మలు, కింద వారి వరసలు. తాతయ్యో అమ్మమ్మో చిన్నప్పుడు ఆడిన ఒక ఆట. జనవరిలో బడి తెరిచిన రోజు ఒక్కొక్కరినీ వాటి గురించి చెప్పమనండి. మాటల్లో తమిళం కలిసినా మధ్యలో ఆపకండి. చివరిదాకా విని, అవే వాక్యాలను మీరు తెలుగులో మళ్ళీ అనండి. దిద్దినట్టూ ఉండదు, నేర్పినట్టూ అవుతుంది.

తల్లిదండ్రులకు చివరగా ఒక్క మాట. తిరుగు రైలు ఎక్కాక ఆ తెలుగు అక్కడే ఆగిపోకూడదు. ఆదివారం ఒక గంట అమ్మమ్మకు ఫోను కేటాయించండి. ఫోను పిల్లాడి చేతికిచ్చి మీరు వంటింట్లోకి వెళ్ళిపోండి. వేసవి సెలవుల దాకా ఆ ఒక్క గంట నడిస్తే, జూన్‌లో ఒకటో తరగతి గుమ్మం ముందు మీరు ‘మా వాడికి తెలుగు రాదండీ’ అనాల్సిన పని ఉండదు.