వ్రేళ్ళు లేని పాదము

ఫుట్‌బాలు అనగానే మనకు జ్ఞప్తికి వచ్చునది గుండ్రని బంతి, దానిని కాలితో తన్నుచు పరుగెత్తు ఆటగాండ్రు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరుతోనే మరియొక ఆట కలదు. అచ్చటి బంతి గుండ్రనిది కాదు. పీచు ఒలువని చిన్న కొబ్బరికాయవలె నడుమ లావై, రెండు కొనలయందును మొనదేలి యుండును. దానిని చేతులతో పట్టుకొని పరుగెత్తుదురు, చేతులతో విసరుదురు, పట్టుకొన్నవానిపై పదిమంది పడి నేలకు త్రోయుదురు. ఇంత జరుగుచున్నను, ఆటలో పాదము బంతిని తాకుట బహు స్వల్పము. అట్టి ఆటకు ఫుట్‌బాలు అను పేరెట్లు తగునని మీకు సందేహము కలుగవచ్చును. పూర్వము ఇంగ్లండు దేశపు బంతియాటలనుండి పుట్టినదగుటచే ఆ పేరు దానిని విడువలేదు. పేరునకు న్యాయము చేయువాడు జట్టునందు ముఖ్యముగా ఒక్కడే. అతనిని కిక్కరందురు.

మైదానము నూరు గజముల పొడవుండును. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు నిలుతురు. బంతి చేతనున్న జట్టునకు నాలుగు అవకాశములిత్తురు. ఆ నాలుగింటిలో పది గజములైనను ముందునకు సాగవలెను. సాగినచో మరల నాలుగు. ఇట్లు ఎదుటివారి తుదిగీటు దాటించినచో ఆరు పాయింట్లు లభించును. అంతదూరము పోలేక మధ్యలో చిక్కుపడినపుడు ఇంకొక ఉపాయము కలదు. తుదియందు రెండు నిలువు కంబములును, వాని నడుమ నేలకు పదియడుగుల యెత్తున ఒక అడ్డుకఱ్ఱయు నుండును. బంతిని నేలపై నిలిపి, ఆ అడ్డుకఱ్ఱ మీదుగా కంబముల నడుమనుండి పోవునట్లు తన్నినచో మూడు పాయింట్లు. దీనికి ఫీల్డుగోలని పేరు.

చెప్పుటకు సులభమే. చేయుటలో ముగ్గురి నైపుణ్యము కలియవలెను. ఒకడు వంగి తన కాళ్ళ సందునుండి బంతిని వెనుకకు విసరును. ఏడెనిమిది గజముల వెనుక మోకాలిపై కూర్చున్న రెండవవాడు దానినందుకొని, మొన నేలకు తాకునట్లు నిలిపి, కుట్టుపోగులు కంబములవైపునకు తిరుగునట్లు సవరించి, ఒక వ్రేలితో పట్టియుంచును. మూడవవాడగు కిక్కరు అప్పటికే అడుగులు వేయుచుండును. బంతి కదలినది మొదలు పాదము తాకువరకు పట్టు కాలము ఇంచుమించు ఒకటింబావు సెకండు. అంతకు మించి ఆలస్యమైనచో ఎదుటి జట్టువారు గోడవలె మీదికి వచ్చి చేతులడ్డము పెట్టుదురు.

మూడు గంటల ఆటలో కిక్కరు మైదానమున నిలుచు కాలము కొన్ని నిమిషములు మాత్రమే. తక్కిన కాలమంతయు ప్రక్కన నిలిచి, కాలు చల్లబడకుండ ఒక వలలోనికి బంతిని తన్నుకొనుచుండును. మాంగల్యధారణవేళ గట్టిమేళము సరిగా మ్రోగినచో దానిని గూర్చి ఎవ్వరును తలపెట్టరు. ఒక్క క్షణము తప్పినచో ఊరంతయు చెప్పుకొందురు. కిక్కరు బ్రతుకట్టిది. నేడు ఆ దేశపు వృత్తి ఫుట్‌బాలు సంఘమున 32 జట్లున్నవి. సామాన్యముగా జట్టున కొక్కడే కిక్కరు. అనగా అంత పెద్ద దేశమున ఈ ఉద్యోగములు ముప్పది పైచిలుకు మాత్రమే. రెండు వారములు వరుసగా గురి తప్పినవానికి మూడవ వారమున కొలువుండునను నమ్మకము లేదు.

ఇట్టి వృత్తిలో ప్రవేశించి ప్రసిద్ధికెక్కినవారిలో ఒకనికి తన్ను పాదమునకు వ్రేళ్ళే లేవు.

అతని పేరు టామ్ డెంప్సీ. 1947 జనవరి 12వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమునందలి మిల్వాకీ నగరమున జన్మించెను. పుట్టుకతోనే అతని కుడిచేతికి వ్రేళ్ళు లేవు, కుడిపాదమునకును లేవు. పాదము నడుమనే మొద్దుగా ముగిసియుండెను. కుటుంబము తరువాత కాలిఫోర్నియాకు తరలిపోగా అతని చదువచ్చటనే సాగెను. అతడు బడిలోను, పిదప పాలొమార్ కళాశాలలోను ఫుట్‌బాలు ఆడెను. అయితే కిక్కరుగా కాదు. ఆరడుగులకు మించిన యెత్తు, దానికి తగిన లావు కలవాడగుటచే, ముందువరుసలో నిలిచి ఎదుటివారిని త్రోయుట అతని పని. ఆ మొద్దుపాదములో బలమున్నదని తెలిసినది పిమ్మటనే. బూటు విడిచి, పాదమునకు పట్టీ చుట్టుకొని తన్నిచూడగా బంతి బహుదూరము పోయెను.

1968లో శాండియాగో నగరపు జట్టువారు అతనిని సాధనకై చేర్చుకొనిరి. ఆ జట్టు శిక్షకుడు సిడ్ గిల్మన్ ఆ పాదమునకు తగిన బూటు చేయించవలెనని తలచెను. అవయవలోపములు కలవారికి చెప్పులు కుట్టువారిచేత ఒకటి చేయించిరి. అది పాదము ఎచ్చట ముగియునో అచ్చటనే ముగియును. దాని ముందుభాగము సుత్తి తలవలె చదునుగా, గట్టి తోలుతో దళసరిగా నుండును. మరుసటి యేడు, అనగా 1969లో, న్యూ ఆర్లియన్స్ నగరపు సెయింట్స్ జట్టువారు డెంప్సీని తమ కిక్కరుగా తీసికొనిరి. ఆ యేడు 41 మారులు తన్ని 22 గోళ్ళు చేసెను. నేటి లెక్కకు ఇది గొప్ప కాదు. నేటివారు నూటికి ఎనుబదికి పైగా సాధింతురు. ఆ నాటికది మెప్పుపొందిన పని. ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగాండ్ర పోటీకి అతనిని ఎంపిక చేసిరి.

1970 నవంబరు 8వ తేదీన న్యూ ఆర్లియన్స్ నందలి టులేన్ క్రీడాస్థలమున సెయింట్స్ జట్టు డెట్రాయిట్ లయన్స్ జట్టుతో తలపడెను. రెండింటికిని సామ్యము లేదు. డెట్రాయిట్ వారు ఆ యేడాడిన 14 ఆటలలో పదింటిని గెలిచినవారు. సెయింట్స్ వారు ఆ యేడంతయు గెలిచినవి రెండు మాత్రమే. వరుస ఓటములచే పాత శిక్షకుని తొలగించి ఆ వారమే జె. డి. రాబర్ట్స్ అను క్రొత్తవానిని నియమించిరి. అతనికి అది మొదటి ఆట.

అయినను సెయింట్స్ వారు తుదివరకును వెనుదీయలేదు. ఆట ముగియుటకు పదునొకండు సెకండ్లున్నవనగా 16 పాయింట్లతో వారే ముందుండిరి. అప్పుడు డెట్రాయిట్ కిక్కరు దగ్గరనుండి ఒక ఫీల్డుగోలు కొట్టెను. డెట్రాయిట్ 17, సెయింట్స్ 16. ఇంక పదునొకండు సెకండ్లలో ఏమి చేయగలరు? బంతి మరల చేతికి వచ్చిన పిదప సెయింట్స్ వారు ఒక్క విసరుతో తమ 45వ గజపు గీటును చేరుకొనిరి. గడియారమున మిగిలినవి రెండు సెకండ్లు.

అచ్చటినుండి కంబములు చాల దూరము. బంతిని నిలుపుటకు వెనుకకు జరుగవలసిన గజములు కూడ కలిపి చూడుడు. వాడుకగా ఏడు గజములు వెనుకకు జరుగుదురు. డెంప్సీకి మరికొంత వ్యవధి దొరకవలెనని ఆ దినమున ఎనిమిది జరిగిరి. అనగా బంతిని నిలిపినది తమ 37వ గజపు గీటుపై. ఆ కాలమున కంబములు తుదిగీటుమీదనే పాతియుండెడివి. నూటినుండి ముప్పదియేడు తీసివేసినచో 63 గజములు. అప్పటివరకు ఆ వృత్తిసంఘమున ఎవ్వడును 56 గజములకు మించి కొట్టియుండలేదు. అది 1953లో బాల్టిమోరు జట్టువాడగు బెర్ట్ రెకిచార్ చేసినది. ఒక్కమారుగా దానికి ఏడు గజములు పైబడి తన్నబూనుట ఎదుటివారికి వింతగా తోచెను. వారిలో కొందరు నవ్విరని కూడ చెప్పుదురు. నవ్వియుందురనియే నా నమ్మకము. ఆ స్థితిలో నేనైనను నవ్వియుందును.

జాకీ బర్కెట్ బంతిని వెనుకకు విసరెను. జో స్కార్పాటి పట్టి నిలిపెను. డెంప్సీ నేరుగా రెండడుగులు వేసి తన్నెను. బంతి పైకి లేచి, కంబముల దాక పోయి, అడ్డుకఱ్ఱకు ఒకింత పైగా ఆవలపడెను. కంబముల క్రింద నిలిచిన తీర్పరులిద్దరును చేతులు పైకెత్తిరి. గడియారము ముగిసెను. సెయింట్స్ 19, డెట్రాయిట్ 17. తోడి ఆటగాండ్రు డెంప్సీని భుజములపై నెత్తుకొనిరి.

దేశమంతయు పొగడెననుట వేరుగా చెప్పనక్కరలేదు. అయితే దానితోపాటు ఒక వాదము కూడ పుట్టెను. ఆ సుత్తివంటి బూటు వలననే బంతి అంతదూరము పోయెననియు, అది అన్యాయమనియు కొందరనిరి. డల్లాస్ జట్టు అధికారి యగు టెక్స్ ష్రామ్ వారిలో ముఖ్యుడు. చదునైన తలము బంతిని తాకునపుడు గురి తప్పదనియు, బలమంతయు ఒక్కచోటనే చేరుననియు వారి తర్కము. 1977లో సంఘమువారు ఒక నిబంధన చేసిరి. అవయవలోపము గల ఆటగాని బూటు కూడ సామాన్యమైన కిక్కరు బూటు వలెనే ఉండవలెనని దాని సారాంశము. జనులు దానిని డెంప్సీ పేరుతోనే పిలిచిరి.

ఈ వాదమును కొంచెము నిదానించి చూడవలసియున్నది. ఆ కాలమున బంతిని తన్ను విధములు రెండు. పూర్వపుది, బంతికి నేరుగా ఎదురువచ్చి బూటు మొనతో కొట్టుట. క్లీవ్‌లాండ్ కిక్కరగు లూ గ్రోజాకు ‘కాలివ్రేలు’ అనియే జనులు ముద్దుపేరు పెట్టిరన్న ఆ పద్ధతి యెంత వాడుకలో నుండెనో గ్రహింపవచ్చును. రెండవది, ప్రక్కనుండి వంపుగా వచ్చి పాదము మీది యెముకల భాగముతో కొట్టుట. ఇది హంగరీ దేశమునుండి వచ్చిన పీట్ గొగొలాక్ 1964లో వృత్తిసంఘములకు తెచ్చినది; నార్వేనుండి మంచుజారుడు ఆటకై విద్యార్థివేతనముతో వచ్చిన యాన్ స్టెనెరుడ్ వంటివారు దానిని స్థిరపరచిరి. పాదము ఊగు వేగమును, బంతిని తాకు వైశాల్యమును ఇందు హెచ్చగుటచే 1980ల అంతమునకు పాత పద్ధతి పూర్తిగా మాసిపోయెను.

డెంప్సీ పాత పద్ధతివాడు. అది తెలిసినగాని బూటు సంగతి తేలదు. మొనతో తన్ను కిక్కర్లలో పలువురు, వ్రేళ్ళు చక్కగా నున్నవారే, ముందుభాగము చదరముగా కోసిన బూట్లు తొడిగెడివారు. కావున చదును అతనికొక్కనికే దక్కిన వరము కాదు. మరియు బూటే పని చేయునదైనచో ప్రతిదినమును చేయవలెను గదా. డెంప్సీ తన పదునొకండు సంవత్సరముల వృత్తిలో 258 మారులు తన్ని 159 గోళ్ళు చేసెను. తక్కిన తొంబదితొమ్మిది మారులును కాలికి ఆ విధమైన బూటే యున్నది. చాల యేండ్లు బడిపిల్లల వ్రాతలు దిద్దినవాడను నేను. కలము మంచిదని ఎవ్వరికిని మార్కులు తగ్గించి యెఱుగను.

ఇంకొక సంగతి. వ్రేళ్ళు లేనివానికి నిలుకడ తక్కువ. పరుగున వచ్చి ఎడమకాలిపై నిలిచి కుడికాలు విసరువానికి చివరి యడుగు ఎట్లు కుదిరినదో కొలిచి చెప్పినవారు ఆ వాదించినవారిలో లేరు.

అంత పేరు వచ్చినను కొలువు నిలువలేదు. పది నెలలు తిరుగకముందే, 1971 ఆటలు మొదలు కానున్న సమయమున, సెయింట్స్ వారు అతనిని విడిచిరి. ఫిలడెల్ఫియా వారు చేర్చుకొనిరి. అచ్చట నాలుగేండ్లు, లాస్ ఏంజెలిస్‌లో రెండు, హ్యూస్టన్‌లో ఒకటి, బఫెలోలో రెండు. 1979తో ఆట ముగిసెను. పిమ్మట న్యూ ఆర్లియన్స్ ప్రాంతముననే నివసించెను. 2005లో కత్రినా తుపాను ఆ నగరమును ముంచినపుడు డెంప్సీ యింట నీరు నిండి, అతడు దాచుకొన్న ఆటకాలపు జ్ఞాపికలలో చాలభాగము పాడైపోయెను. కొన్ని యేండ్లకు మతిమరపు వ్యాధి సోకెను. ఆ తన్ను చూచినవారు వేలమంది దానిని మరువకయుండగా, తన్నినవాని జ్ఞప్తి క్రమముగా తొలగెను.

కంబములను 1974లో పది గజములు వెనుకకు జరిపిరి. నేడు 37వ గజపు గీటునుండి తన్నవలెనన్న 73 గజములగును. 63 అను సంఖ్య మాత్రము పుస్తకములలో చెక్కుచెదరలేదు. 1998లో డెన్వర్ జట్టు కిక్కరు జేసన్ ఈలం సరిగా అంతే తన్నెను. పిదప మరికొందరును అచ్చటికే వచ్చి ఆగిరి. 2013 డిసెంబరు 8వ తేదీన డెన్వరుకే చెందిన మాట్ ప్రేటర్ 64 గజములు తన్ని దానిని దాటెను. నలుబదిమూడు సంవత్సరములు, ఒక నెల పట్టినది, ఆ ఒక్క గజమునకు.

డెంప్సీ 2020 ఏప్రిల్ 4వ తేదీన న్యూ ఆర్లియన్స్‌లో కోవిడ్ వ్యాధిచే మరణించెను. వయస్సు డెబ్బదిమూడు.

మరుసటి యేడు, 2021 సెప్టెంబరు 26వ తేదీన, బాల్టిమోరు కిక్కరు ఆట చివరి క్షణమున 66 గజములనుండి తన్నగా, బంతి అడ్డుకఱ్ఱకు తగిలి, పైకెగిరి, ఆవలపడెను. ఆ దినమున కూడ ఓడినది డెట్రాయిట్ లయన్స్ జట్టే. సంఖ్యలును అవియే: 19, 17.