పిడికిట్లో గేరు

"ఎక్కదన్నా. జబర్దస్తీ చేస్తే మరలు పోతయ్."

బోయిన్‌పల్లిలో నాగపూర్ రోడ్డు పక్క షెడ్డు. నా పాత మిత్సుబిషి స్పోర్ట్స్ సెడాన్‌కి కొత్త గేర్ నాబ్ బిగిస్తూ, రెండు చుట్లు తిరగగానే మెకానిక్ చెయ్యి ఆపేశాడు. రాడ్డూ 10 మిల్లీమీటర్లే, నాబ్ రంధ్రమూ అంతే. తేడా మరల ఎడంలో ఉంది. హోండా రాడ్ల మీద అది 1.5 మి.మీ., మిత్సుబిషి రాడ్ల మీద 1.25. కంటికి ఆనని ఆ పావు మిల్లీమీటరును అతని వేళ్లు పట్టేశాయి.

ఈ నాబ్‌తో మార్చే గేర్లూ ఒకప్పుడు ఇలాగే మొరాయించేవి. 1890లలో ఫ్రాన్సు పానార్ కార్లలో పళ్లచక్రాలను జరిపి గేరు మార్చేవారు. వేగాలు కలవకపోతే పళ్లు గరగరలాడేవి. 1928లో కాడిలాక్ సింక్రోమెష్ తెచ్చింది. ఇప్పటి సింక్రోమెష్‌లో గరాటు ఆకారపు రింగు ముందు గేరును ఒరుసుకుంటుంది. రెండు వేగాలూ సమమయ్యాకే పళ్లను కలవనిస్తుంది.

ఆ రింగు పని రెప్పపాటే. ఆ కాసేపూ తోపు సడలకూడదు. నాబ్ బరువు అక్కరకొచ్చేది ఇక్కడే: రాడ్డు కొసన ఉన్న బరువు ఒకసారి కదిలిందంటే, రింగు అడ్డుపడ్డ చోట ఆ ఊపు చేతికి తోడవుతుంది. గేరు మెత్తగా పడుతుంది. అలాగని లోహపు నాబ్ కొంటే మే నెల ఎండలో ఆపిన కారెక్కి దాన్ని పట్టుకోవాలి! కర్ర నాబ్ అంతే వేడెక్కినా ఇంతగా కాల్చదు. లోహం తన వేడిని చర్మంలోకి చకచకా వదిలేస్తుంది.

1969లో వచ్చిన పోర్షా 917 రేసుకారుకి, బరువు తగ్గించాలని, బాల్సా కర్ర నాబ్ పెట్టారు. అది చదివిన రోజు నాకు నిర్మల్ గుర్తొచ్చింది. ఈ షెడ్డు ముందున్న 44వ నంబరు రహదారే అక్కడికి పోతుంది. అక్కడ బొమ్మలు చెక్కే పొనికి కర్రా తేలికే. లోపల ఇత్తడి బుష్ దిగేసి, నిర్మల్ రంగులద్దిన నాబ్ ఒకటి చేయించుకోవాలని నాకు ఎంత ఆశో!

నాబ్‌తో వచ్చిన బుష్‌లలో 1.25 మరది ఏరి, మెకానిక్ మళ్లీ తిప్పాడు. ఈసారి కొసదాకా దిగింది. పైనున్న అంకెలు నావైపు తిరిగాక అడుగు నట్టు బిగించాడు.

"ఇగ నడిపేటప్పుడు దీని మీద చెయ్యి పెట్టి ఉంచకన్నా. లోపల ఫోర్క్ అరుగుతది."

నిజమే. గేరును కలిపే స్లీవ్‌ను జరిపేది ఫోర్కే; గేరు పడ్డాక దాని మీద ఒత్తిడి ఉండకూడదు. చెయ్యి ఊరికే ఆన్చినా అది తిరుగుతున్న స్లీవ్‌ను ఒరుసుకుంటుంది. ఫస్ట్ గేరు వేసి, చెయ్యి స్టీరింగు మీదికి తెచ్చుకున్నాను.