నాటకశాలయు, భోజనశాలయు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి సూర్యాపేట, కోదాడ పట్టణముల మీదుగా సాగును. ఆ దారి పొడవునను భోజనశాలలు కలవు. నాగార్జునసాగరము నీటితో పండిన వరిధాన్యము మిర్యాలగూడ మిల్లులలో బియ్యమగుచున్నది. కావున బాటసారి ఆకలి తీర్చుట ఈ ప్రాంతమువారికి చిరపరిచితమైన పని. భోజనశాల నడపువానికి నిద్ర తక్కువ. తెల్లవారుజామున పొయ్యి వెలిగింపవలెను. సరకుల లెక్క చూడవలెను. పనివారికి జీతములీయవలెను. వచ్చినవారినెల్ల చిరునవ్వుతో ఆదరింపవలెను. ఇంత భారమును మోయుచునే రాత్రివేళ నాటకమును నడపు మనుష్యుడుండునా? ఉండును. పరదేశములకు వలసపోయిన కళాకారులలో ఇట్టి జంటకాడిని మోసినవారు కలరు.

వలసవచ్చినవానికి మొదట అడ్డుతగులునది భాష. రుచికి భాష అక్కరలేదు. ఊరివారి మాట రానివాడైనను వారి మెప్పు పొందునట్లు వండి వడ్డింపగలడు. నాటకము అట్టిది కాదు. మాట స్పష్టముగా పలుకనిదే పాత్ర నిలువదు; ఊరివారి మనస్సు తెలియనిదే కథ రక్తి కట్టదు. అందుచేత వలసవచ్చిన దర్శకునకు వంట జీవనోపాధిగను, నాటకము జీవితాశయముగను ఏర్పడుట సహజము. అతడు మొదటిదానితో రెండవదానిని పోషించును.

అన్నమునకును నాటకమునకును గల పొత్తు నేటిది కాదు. 1587లో లండను నగరమున ఫిలిప్ హెన్‌స్లో అనునతడు రోజ్ అను నాటకశాలను నెలకొల్పుచు, జాన్ చోమ్లీ అను కిరాణా వర్తకునితో పొత్తు కుదుర్చుకొనెను. ఒడంబడిక ప్రకారము అచ్చట తినుబండారములను, పానీయములను అమ్ము హక్కు ఆ వర్తకునిది. 1989లో పురాతత్త్వజ్ఞులు ఆ నాటకశాల పునాదులను త్రవ్వి చూడగా పండ్ల గింజలును, కాయల పెంకులును బయల్పడినవి. అదే నగరమున రిచర్డ్ డాయ్లీ కార్ట్ అనునతడు 1881లో సవాయ్ నాటకశాలను తెరచెను. సంగీత నాటకముల వలన వచ్చిన లాభముతో దాని ప్రక్కనే 1889లో సవాయ్ హోటలును స్థాపించెను. దానిని నడపుటకు స్విట్జర్లాండు దేశస్థుడైన సీజర్ రిట్జ్, వంటశాలను ఏలుటకు ఫ్రాన్సు దేశస్థుడైన ఎస్కాఫియే వచ్చిరి. ఒకచోట అన్నము నాటకమునకు అండయైనది. మరొకచోట నాటకమే అన్నశాలను నిలిపినది.

మన పల్లెలలో ఈ పొత్తు వేరొక రూపమున నుండెను. తెలంగాణమున చిందు భాగవతులు ఆట ఆడిన ఊళ్ళలో పంటకాలమున వారికి ధాన్యము కొలిచి యిచ్చు ఆచారము కలదు. టిక్కెట్టు లేకున్నను కళాకారుని పొయ్యి వెలుగుచుండెను. ఊరూర డేరా వేసి, టిక్కెట్లమ్మి బ్రతుకవలసిన నాటక సమాజముల స్థితి అట్లు కాదు. వానిలో మొదట చెప్పదగినది సురభి.

సురభివారి పూర్వులు మహారాష్ట్రము నుండి వలసవచ్చిన తోలుబొమ్మలాట కళాకారులు. వారి యింటిభాష మరాఠీకి చేరిన ఆరె భాష. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున వనారస గోవిందరావు మున్నగువారు కీచకవధ నాటకమును ప్రదర్శించిరి. బొమ్మలను ఆడించిన కుటుంబములవారు తామే రంగమెక్కిరి. ఊరి పేరే సమాజమునకు పేరైనది. స్త్రీపాత్రలను పురుషులు ధరించుచుండిన ఆ కాలమున సురభి స్త్రీలు ధైర్యముగా రంగస్థలమున నిలిచిరి. తొలి తెలుగు టాకీ చిత్రమైన భక్త ప్రహ్లాదలో లీలావతి పాత్ర ధరించిన కమలాబాయి సురభివారి ఆడుబిడ్డయే.

సురభి సమాజమన నొక పెద్ద కుటుంబము. అందు దర్శకుడు దర్శకుడు మాత్రమే కాడు. ఇంటి యజమానియు నతడే. పగలు అతడు బియ్యము, కిరసనాయిలు, బండి కిరాయి లెక్కలు చూచుకొనవలెను. రాత్రి తెర లేవగానే పద్యము తప్పకుండ, దీపము ఆరకుండ కనిపెట్టవలెను. వేషము వేసినవాడే తెరలకు రంగులు పూయును; పాట పాడినవాడే త్రాళ్ళు లాగును. మాయాబజారు నాటకమున ఘటోత్కచుడు పెండ్లివారి విందును ఆరగించు ఘట్టమును చూచి ప్రేక్షకులు కేకలు వేయుదురు. రంగము మీది విందు మాయావిందు. తెర వెనుక కుటుంబమునకు నిజముగా ఉడుకవలసిన అన్నము ఆనాటి టిక్కెట్ల మీద ఆధారపడియుండును. వాన కురిసి జనము రాకున్నచో ఆ రాత్రి నష్టము నటులది మాత్రమే కాదు, పసిపిల్లలది కూడ.

1930 తరువాత మాటలాడు చిత్రములు, అటుపిమ్మట టెలివిజను జనమును ఆకర్షించినవి. ఒకప్పుడు ముప్పదికి పైగా నుండిన సురభి సమాజములు ఇరువదియొకటవ శతాబ్ది ఆరంభమునకు అయిదింటికి తగ్గినవి. 1937లో వెలసిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి హైదరాబాదు చేరి నిలదొక్కుకొనెను. దానిని నడపిన ఆర్. నాగేశ్వరరావునకు 2013లో పద్మశ్రీ లభించెను.

కన్నడ దర్శకుడు బి. వి. కారంత్ 1990 దశకమున సురభివారిచే కొన్ని నాటకము లాడించెను. వానిలో 'బస్తీ దేవత యాదమ్మ' ఒకటి. దీనికి మూలము జర్మను రచయితయైన బెర్టోల్ట్ బ్రెహ్ట్ నాటకము. హిట్లరు అధికారమునకు రాగా 1933లో బ్రెహ్ట్ స్వదేశము విడిచెను. పరదేశవాసమున నుండియే దానిని రచించెను. మూలకథలో దయగల యొక పేద స్త్రీకి దేవతలు ధనమిత్తురు. ఆమె చిన్న దుకాణము పెట్టును. అడిగినవారికెల్ల పెట్టుచుండగా దుకాణము మూతపడు స్థితి వచ్చును. అప్పుడామె వరుసకు సోదరుడైన యొక కఠినుని వేషము వేసి, దుకాణమును నిలుపుకొనును. దయయు, లెక్కయు ఒక్క మనుష్యునియందే ఎట్లు ఇముడునని ఆ నాటకము ప్రశ్నించును.

పగలు అన్నము అమ్మి రాత్రి నాటకము నడపు దర్శకునకు ఈ ప్రశ్న దినదినమును ఎదురగును. ఉచితముగా వడ్డించినచో భోజనశాల నిలువదు. భోజనశాల నిలువనిచో నాటకము లేదు. లాభమునే చూచుకొనినచో నాటకమునకు పొద్దు చాలదు. ఈ రెంటికిని నడుమ త్రోవ వెదకుకొనుటయే అతని నేర్పు. కళకు లెక్కలు శత్రువులు కావు. లెక్క తప్పిననాడే దీపము ఆరును. అయితే దర్శకుని నేర్పొక్కటియే చాలదు. ఊరికి నాటకము వచ్చిననాడు టిక్కెట్టు కొని వచ్చి కూర్చుండువారు లేనిచో, ఎంతటి ఓర్పరియు ఎంతోకాలము నిలువలేడు.