సేవ్ చేసిన ఫైలు ఎటు పోయింది?

మెయిల్‌లో వచ్చిన ఫైలును అక్కడికక్కడే తెరుస్తాం. గంటల తరబడి దిద్ది, మధ్యమధ్య సేవ్ కొట్టి మూసేస్తాం. మర్నాడు అదే మెయిల్‌లోంచి తెరిస్తే పాత ఫైలే వెక్కిరిస్తుంది! మరి దిద్దినదంతా ఏమైనట్టు? కంగారు పడకండి. చాలాసార్లు అది పోదు, దాక్కుంటుంది.

ఎచ్చెర్లలో ఒకప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్ ఉండేది. 2008లో అక్కడ అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలకు పై చదువు ఇంటికి దగ్గరైంది. కానీ అందరికీ సొంత కంప్యూటర్ ఉండదు కదా! ప్రాజెక్టు రిపోర్టు అనేసరికి నెట్ సెంటరో, అన్నయ్య ఆఫీసు కంప్యూటరో దిక్కు.

మా వీధిలో పీజీ చదివే అమ్మాయి ఒక సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "అక్కా, నాలుగ్గంటలు కూకోని దిద్దినాను. మొత్తం పోనాది. రేపే ఇచ్చీయాల, ఏటి సేసేది?" వాళ్లింట్లో డిగ్రీ దాటిన మొదటి పిల్ల. గైడు చెప్పిన మార్పులన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి. "ఏడవకే, ముందా కంప్యూటర్ ఆపనీకు" అన్నాను.

అసలు జరిగేదేమిటి?

అవుట్‌లుక్‌లాంటి ప్రోగ్రాంలో అటాచ్‌మెంట్‌ను నేరుగా తెరిస్తే, దాని నకలు ఒకటి కంటికి కనబడని తాత్కాలిక ఫోల్డర్లో పడుతుంది. మనం దిద్దేది ఆ నకలునే. మెయిల్‌లోని అసలు ఫైలు చెక్కు చెదరదు. కొన్ని వెర్షన్లలో సేవ్ నొక్కితే ఆ చాటు ఫోల్డర్లోకే వెళుతుంది. కొన్ని వెర్షన్లు వేరే చోట సేవ్ చేసుకోమంటాయి.

మెయిల్ మూసేసినప్పుడు ఆ నకలు చెరిగిపోవడం మామూలు. అయితే అప్పటికింకా ఫైలు తెరిచి ఉంటే అది మిగిలిపోతుంటుంది. ఈ అమ్మాయి ముందు మెయిల్ మూసి, తర్వాత ఫైలు మూసింది. అదే కలిసొచ్చింది.

ఎలా వెతకాలి?

అన్నిటికన్నా సులువు: వర్డ్ తెరిచి, ఫైల్ మెనూలో 'రీసెంట్' జాబితా చూడండి. అదే పేరు కనబడితే నొక్కండి. మా అమ్మాయికి అక్కడే దొరికింది. తెరుచుకోగానే 'సేవ్ యాజ్' కొట్టి డెస్క్‌టాప్ మీద పెట్టమన్నాను. "దొరికిందక్కా!" అన్న ఆ గొంతు నాకింకా గుర్తే.

అక్కడ లేకపోతే విండోస్ ఫోల్డర్లలో 'కంటెంట్ డాట్ అవుట్‌లుక్' అనే దాన్ని వెతకాలి. అది దాగి ఉండే ఫోల్డర్ కాబట్టి తెలిసినవారి సాయం తీసుకోండి.

అసలు సేవ్ చేయకుండానే మూసేశారా? వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్ వరుసగా నొక్కితే 'రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్' వస్తుంది. సేవ్ చేయనివి అక్కడ 4 రోజుల దాకానే ఉంటాయి. ఆలస్యం చేయొద్దు.

జీమెయిల్‌లోంచి గూగుల్ డాక్స్‌తో దిద్దారా? అప్పుడు మార్పులున్న నకలు మీ డ్రైవ్‌లో ఉంటుంది. మెయిల్‌లో వెతికితే దొరకదు.

ఇవి గుర్తుంచుకోండి

* అటాచ్‌మెంట్‌ను ముందు మీ ఫోల్డర్లో సేవ్ చేసుకుని, ఆ తర్వాతే తెరవండి. ఈ ఒక్క అలవాటుంటే ఇంత వెతుకులాట ఉండదు.
* పేరు చివర తేదీ చేర్చండి. ఏది పాతదో, ఏది కొత్తదో ఇట్టే తెలుస్తుంది.
* పోయిందనిపిస్తే క్లీనింగ్ ప్రోగ్రాంలు నడపొద్దు. కొన్ని నెట్ సెంటర్లలో కంప్యూటర్ ఆపగానే అన్నీ చెరిగిపోయే ఏర్పాటు ఉంటుంది.
* పని అవగానే దిద్దిన ఫైలును మీకు మీరే మెయిల్ చేసుకోండి.
* పరాయి కంప్యూటర్లో తెరిచిన బయోడేటా, ఫొటోల నకళ్లు కూడా ఇలాగే మిగిలిపోవచ్చు. లేచేముందు చెరిపేసి, మెయిల్ లాగౌట్ చేయడం మరవకండి.