మాల తీశాక తోడెవరు?

కార్తీకం వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరూరా నల్లబట్టలు కనిపిస్తాయి. ఏడాదంతా చీకటి పడితే బెల్టు షాపు దగ్గర తేలేవాళ్లు సైతం అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక మాత్రం వారం తిరక్కుండానే చాలామంది పాత దారి పడతారు. భక్తి చాలలేదని, బుద్ధి లేదని అనేయడం సులువు. నాకు ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది. దీక్షలో మనిషి ఒంటరిగా ఉండడు. తెల్లవారుజామున నలుగురితో కలిసి చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, ఎవరింటనో భిక్ష, దారి చెప్పే గురుస్వామి, ఎదురైన ప్రతివాళ్లూ 'స్వామీ' అని పిలిచే గౌరవం. మాలతో పాటు ఇవన్నీ ఒక్కరోజులో పోతాయి. మిగిలేది పాత స్నేహాలు, కనుమ పండగ, సిరిమాను సంబరం, పెళ్లిళ్లు, పెద్దకర్మలు. తాగుడు మానడానికి గట్టి మనసుండాలంటారు. మానినవాడు నిలబడాలంటే ఆ 41 రోజుల తోడు ఏడాది పొడవునా దొరకాలి.

ఆ తోడు ఇచ్చే ఏర్పాటు లోకంలో ఎప్పుడో మొదలైంది. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో షేర్ల వ్యాపారంలో పనిచేసిన బిల్ విల్సన్, సర్జన్ బాబ్ స్మిత్ తమ తాగుడు కష్టాన్ని ఒకరికొకరు చెప్పుకుంటూ బయటపడ్డారు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్. ఏఏ అంటారు. 1957లో మన దేశానికి వచ్చింది. సమావేశానికి ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, రిజిస్టరులో సంతకం పెట్టనక్కర్లేదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు అడ్డు రాకుండా వింటారు. కొత్తగా వచ్చినవారు నోరు విప్పకుండా కూర్చున్నా తప్పు పట్టరు. జన్మలో తాగనని ఒట్టు వేయించుకోరు, ఈ ఒక్కరోజుకి తాగకుండా ఉందాం అంటారు. మానేసి కొన్నేళ్లయిన సభ్యుడొకరు కొత్తవారికి అండగా ఉంటారు, రాత్రివేళ మనసు లాగితే ఆయనకు ఫోన్ చేయవచ్చు. భార్యలకు, పిల్లలకు అల్-అనాన్ అని వేరే బృందాలున్నాయి. తాగే మనిషి రానంటే ఇంటివాళ్లు ముందుగా వెళ్లవచ్చు.

ఇదంతా కబుర్లతో కాలక్షేపం కాదా అని అడిగేవారికి లెక్కలున్నాయి. 2020లో కోక్రేన్ సంస్థ పదివేల మందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను పరిశీలించింది. ఏడాది తర్వాత చూస్తే, ఏఏ దారి పట్టించిన చికిత్స పొందినవారిలో 42 శాతం మంది మద్యానికి పూర్తిగా దూరంగా ఉన్నారు. ఇతర మానసిక చికిత్సల్లో అది 35 శాతం. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికావే. సగానికి పైగా నిలబడలేదన్నదీ అదే లెక్క చెబుతోంది. అందుకే జారిపడినవాణ్ణి మళ్లీ రానిచ్చే చోటు కావాలంటున్నాను. ఇంట్లో నమ్మకం పోయినా, ఊళ్లో నవ్వినా, బృందంలో మళ్లీ కుర్చీ వేస్తారు. ఇక మన దేశం సంగతి: ఢిల్లీ ఎయిమ్స్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

బృందం ఉంటే డాక్టరు అక్కర్లేదనుకోవడం మాత్రం ప్రమాదం. ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి కలవరించడం రావచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. దీక్షకని హఠాత్తుగా మానేవారికీ ఈ ముప్పు ఉంది. కనుక మొదట ఆసుపత్రి, ఆ వెంటనే బృందం. ఏఏలో దేవుడి మాట వస్తుంది కదా, అది మతం కాదా అని ఇంకొందరి సందేహం. ఎవరి నమ్మకం వారిదే, నమ్మకం లేనివారూ కూర్చోవచ్చు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి పరువు. చిన్న ఊళ్లో అందరూ అందరికీ తెలుసు, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే తూలుతూ ఇంటికి చేరే మనిషి సంగతి వీధికి ఎప్పుడో తెలుసు. తెలియనిది ఆయన మానాలని చూస్తున్నాడన్న సంగతే. అయినా మొహమాటంగా ఉంటే విశాఖలో సమావేశాలున్నాయి, ఫోన్‌లో ఆన్‌లైన్ సమావేశాలున్నాయి. చెన్నై, హైదరాబాద్, ముంబై పనులకు వలస వెళ్లినవారికి అక్కడా బృందాలున్నాయి.

షాపులు మూయిస్తే చాలదా అనే ప్రశ్న మన రాష్ట్రంలో ఎప్పుడూ ఉన్నదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం 1995లో మద్యనిషేధం దాకా వెళ్లింది, 1997లో నిషేధం సడలిపోయింది. వాళ్ల పోరాటానికి నా నమస్కారం. కానీ చట్టం వస్తుంది, పోతుంది. తాగినవాడి పక్కన కూర్చునే మనిషి కావాలి. బృందం పెట్టడానికి ఇద్దరు ముగ్గురు చాలని ఏఏ సంప్రదాయమే చెబుతోంది. పొదుపు సంఘాలను ఊరూరా నిలబెట్టిన ఈ జిల్లాలకు వారానికో గంట ఒక గది చూపడం భారం కాదు.

మత్తు విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక సాయానికి టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే. దగ్గరలోని చికిత్స గురించి అక్కడ అడగండి. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలిసినప్పుడు, మందుల చీటీతో పాటు బృందం సంగతీ అడగండి. ఇప్పటికే మానేసి నిలబడ్డవారు శ్రీకాకుళం, విజయనగరం, పలాస, బొబ్బిలిలాంటి ఊళ్లలో ఎక్కడున్నా, ఈ కార్తీకంలో మాల వేసుకునే తోటివాళ్లకు ఒక మాట చెప్పండి: మాల తీసిన మర్నాడు సాయంత్రం ఎక్కడ కలుద్దామో.