లాంచీ ఇంజన్ గదిలో తుప్పు: రంగు వేయడానికి ముందు చేయవలసిన పనులు

సరిహద్దు గ్రామాల్లో అనేకులకు జలాశయమే రహదారి. 1955లో ఉత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రానికి నీరందించే జోలాపుట్ జలాశయానికి ఒక వైపు కొరాపుట్ జిల్లా, మరొక వైపు నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా ఉన్నాయి. 1992 వరకు అవిభక్త కొరాపుట్‌లో భాగమైన బలిమెల ప్రాంతంలో, 2018 జూలైలో గురుప్రియ వంతెన ప్రారంభమయ్యే వరకు, చిత్రకొండ ఆవలి గ్రామాలకు లాంచీయే ప్రధాన ఆధారం. ఇనుప రేకుతో నిర్మించిన ఇటువంటి పడవలకు ఇంజన్ గదిలోని తుప్పు పైకి కనిపించని శత్రువు.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుడుతుంది. పగలు ఇంజన్ వేడికి గది కాగుతుంది. రాత్రి చలికి రేకు చల్లబడి దాని మీద తేమ బిందువులుగా పేరుకుంటుంది. కొరాపుట్ కొండల శీతకాలపు మంచు ఈ తేమను మరింత పెంచుతుంది. దీనికి తోడు నీటి గొట్టాల కారుడు, ఇరుసు వద్ద ఊరే నీరు, అడుగున నిలిచిన మురికినీరు ఉంటాయి. ఈ కారణాలను తొలగించకుండా ఎంత మేలైన రంగు వేసినా ప్రయోజనం స్వల్పమే. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది. కనుకనే రంగు కింద అది ఉబ్బి పొక్కులుగా లేస్తుంది.

గదిలోకి దిగే ముందు ఒక హెచ్చరిక. చాలాకాలం మూసి ఉంచిన ఇనుప గదిలో తుప్పు ప్రాణవాయువును హరిస్తుంది. అటువంటి చోట దిగిన మనిషి క్షణాల్లో స్పృహ తప్పవచ్చు. అందువల్ల తలుపులన్నీ తెరచి, గాలి బాగా ఆడిన తరువాతనే దిగాలి. పైన మరొకరు తప్పక కావలి ఉండాలి. లోపలి మనిషి పడిపోతే కావలి మనిషి వెంటనే తానూ దిగరాదు. ముందు గాలి ఆడేలా చేసి, సహాయం పిలవాలి. బ్యాటరీ తీగలు విడదీయాలి. డీజిల్, థిన్నర్ ఆవిరి ఉన్నచోట బీడీ, దీపం, నిప్పురవ్వలు లేపే యంత్రాలు పనికిరావు.

మొదట రేకును చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూడాలి. గట్టి రేకు ఖంగుమని మోగుతుంది. పలచబడిన రేకు మొద్దుబారిన శబ్దం ఇస్తుంది, లేదా సొట్టపడుతుంది. అటువంటి చోట రంగు వేయడం రోగాన్ని దాచడమే అవుతుంది. పడవను ఒడ్డుకు చేర్చి, పాడైన రేకు కోయించి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి.

రేకు గట్టిగా ఉంటే పని ఇలా సాగాలి. ముందుగా సబ్బునీటితో నూనె, గ్రీజు పూర్తిగా కడగాలి. నూనె ఉండగానే గీకితే బ్రష్ దానిని లోహం మీద మరింత రుద్దుతుంది. తరువాత పొక్కులను గీకుడు కత్తితో లేపి, వైర్ బ్రష్‌తో మెరిసే లోహం కనిపించే వరకు రుద్దాలి. మచ్చ చుట్టూ ఉన్న పాత రంగు అంచును గరుకు కాగితంతో వాలుగా అరగదీయాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు. మన దేశంలో గృహాలంకరణ రంగుల్లో సీసంపై 90 పీపీఎం పరిమితి అమలయినది 2017 నవంబరు నుంచి మాత్రమే. కనుక తడిపి రుద్దాలి, మంచి మాస్కు ధరించాలి, పిల్లలను దూరంగా ఉంచాలి, ఆ బట్టలను ఇంటి బట్టలతో కలపరాదు.

శుభ్రపరచిన లోహం ఆరిన వెంటనే, అదే రోజు ప్రైమర్ పూయాలి. రాత్రంతా వదిలితే తేమకు మళ్ళీ తుప్పు మొదలవుతుంది. రెండవ పూత మొదటి దాని కంటే అంగుళం వెడల్పుగా ఉండాలి. ఉదయపు మంచు ఆరాక, రేకు పొడిగా, గోరువెచ్చగా ఉన్నప్పుడు పూత వేయడం మేలు. ఒక పూతకూ మరొక పూతకూ మధ్య డబ్బా మీద సూచించిన గడువు పాటించాలి. పాత ఎనామెల్ మీద రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ వేస్తే పాత రంగు ముడుచుకుపోవచ్చు. ముందు చిన్న చోట పరీక్షించుకోవాలి.

పై పూతకు తెలుపు లేదా లేత బూడిద రంగు ఉత్తమం. నూనె కారుడు, కొత్త తుప్పు దాని మీద వెంటనే కనిపిస్తాయి. పొగగొట్టానికి వేడిని తట్టుకునే ప్రత్యేక రంగు కావాలి. రబ్బరు గొట్టాలకు, విద్యుత్ తీగలకు, తుప్పు నివారణకై బిగించిన రక్షక లోహపు ముక్కలకు రంగు వేయరాదు. రంగు పూసిన ఆ ముక్క పని చేయదు. మంచినీటి జలాశయాలకు మెగ్నీషియం ముక్కలు అనువైనవి.

రాయగడ వైపు నాగావళి తీరాన డీజిల్ పంపుసెట్లు ఉన్న రైతులకు కూడా శుభ్రపరచి, ఆరబెట్టి, పూత వేసే ఈ క్రమమే వర్తిస్తుంది. లాంచీ యజమానులు, సరంగులు వారానికొకసారి అడుగు నీరు తోడించి, టార్చి వెలుగులో మూలమూలా చూడాలి. చిన్న మచ్చకు ఒక పూట శ్రమ, కొద్దిపాటి రంగు చాలు. రేకుకు చిల్లిపడితే మాత్రం ప్రమాదం పడవలోని వారందరిదీ. ప్రయాణికులు కూడా ఎక్కే ముందు ఇంజన్ గదిలో నీరు నిలిచి ఉన్నదా అని సరంగును అడగవచ్చు.